పందెపు పావురం కోలుకొనడానికి వ్యవధి కావాలి

దూరపు పందెం నుంచి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, డస్సి గూటికి చేరిన పావురానికి మర్నాడే యాంటీబయోటిక్ పట్టించే అలవాటు పెంపకందారులలో ఉంది. వారం తిరగకముందే పక్షి చురుకుగా కనిపిస్తే మందు పనిచేసిందని భావించి తర్వాతి పందెపు బుట్టలో పెడతారు. ఈ రెండు నిర్ణయాలూ తొందరపాటే. రోగమేదీ లేని పక్షికి ఆ చురుకుదనం మందు లేకుండానే వచ్చి ఉండేది. వచ్చినంత మాత్రాన అది కోలుకున్నట్లు కాదు.

కోళ్ల శాస్త్రంతోనే పక్షులను అర్థం చేసుకొన్న విద్యార్థి ఇక్కడ ఒక తేడా గమనించాలి. కోడి రొమ్ము కండ తెల్లనిది, క్షణకాలపు ఎగురుడుకే సరిపోతుంది. పావురం రొమ్ము కండ ఎర్రనిది. గంటల తరబడి రెక్కలాడించడానికి ప్రధానంగా కొవ్వును ఇంధనంగా వాడుకుంటుంది. కొవ్వు నిల్వలు అడుగంటితే కండలోని మాంసకృత్తులే కరగడం మొదలవుతుంది. చెమట గ్రంథులు లేని పక్షి కనుక ఎండవేళ శ్వాస ద్వారా, చర్మం ద్వారా నీటిని కోల్పోతుంది. ఈ నష్టాలన్నీ ఒకే వేగంతో పూడవు. నీరు ఒకటి రెండు రోజులలో, కొవ్వు మరికొన్ని రోజులలో సమకూరుతుంది. కరిగిన కండ తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. కన్ను మెరవడం, మేతకు ఎగబడడం మొదటి రెండింటికే గుర్తులు. ఇక ఈక పెరిగే దశలో తీవ్రమైన ఒత్తిడి కలిగితే ఈకపై అడ్డగీత పడుతుంది. ఆ ఈక రాలి కొత్తది వచ్చేదాకా ఆ బలహీనత పోదు.

అందువల్ల మొదటి రోజు కావలసింది నీడ, నిశ్శబ్దం, ఎలక్ట్రోలైట్లు కలిపిన నీరు. మేత కొద్దికొద్దిగా, సజ్జ, జొన్న, బార్లీ వంటి తేలిక గింజలతో ప్రారంభించాలి. ఆకలితో వచ్చిందన్న జాలితో శనగలు, బఠాణీలు ఒక్కసారిగా పోస్తే, నీరు చాలని పక్షి మేతసంచిలో అవి కదలక నిలిచిపోవచ్చు. రెట్ట గట్టిపడి మామూలు స్థితికి వచ్చాక పప్పుధాన్యాలు పెంచాలి. కండ పెరగడానికి అవి అవసరమే. పిల్లలున్న జంటలో ఆడ, మగ రెండూ పావురపు పాలు ఉత్పత్తి చేస్తాయి కనుక, చిక్కిన పక్షి కింద పిల్లలను ఉంచడం దాని సత్తువను రెండోసారి పిండడమే.

మందుల విషయంలో పరీక్ష ముందు రావాలి. ఆరోగ్యంగా ఉన్న పావురాలలో కూడా ట్రైకోమోనాస్, కాక్సిడియా కొద్దిపాటిగా ఉంటాయి. ఒత్తిడి వాటికి అదను. కాబట్టి సూక్ష్మదర్శినిలో ఒకటి రెండు కనిపించడమే రోగం కాదు. ఎన్ని ఉన్నాయి, పక్షి ఎలా ఉంది అన్న రెండూ కలిపి చూడాలి. ఆ రెండూ ఏకకణ పరాన్నజీవులు కాబట్టి గూటిలో అలవాటుగా వాడే టెట్రాసైక్లిన్ వాటికి తగిన మందు కాదు. అది నిజంగా అవసరమైనప్పుడు సైతం, గ్రిట్‌లోని కాల్షియం దాన్ని పేగులలో బంధించి నిరుపయోగం చేస్తుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. మెడ వంకర తిరిగి, గింజకు గురి తప్పే పావురంలో పారామిక్సోవైరస్‌ను అనుమానించి వెంటనే వేరుచేయాలి. దానికి చికిత్స లేదు, ముందుగా వేసే టీకాయే రక్షణ.

ఇదంతా పొరుగు రాష్ట్రాల వ్యాసంగమని విస్తరణ శాస్త్రవేత్తలు పక్కన పెట్టడం సరికాదు. నాగపూర్ దిక్కు నుంచి చెన్నైకి ఎగిరే పావురం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగానే రావాలి. డేగ తరిమినా, దారి తప్పినా అది దిగేది ఈ పల్లెల మిద్దెల మీదనే. హైదరాబాదు పాతబస్తీలో ఎత్తున ఎగిరే పావురాలది వేరే సంప్రదాయమైనా, డస్సిన పక్షి అవసరాలు అవే. ఆ పెంపకందారులకు నేడు సలహా దొరికేది ఎక్కువగా తోటి పెంపకందారు దగ్గరో, మందుల దుకాణంలోనో.

వారికి ముందుగా నేర్పవలసింది తూకం. ప్రతి వారం ఒకే రోజు, ఉదయం మేతకు ముందు పక్షిని తూచి రాసుకోవడానికి వంటింటి త్రాసు చాలు. పందేనికి ముందటి బరువు తెలియకపోతే తర్వాతి బరువుకు అర్థం లేదు. బరువు తిరిగి వచ్చినా రొమ్ము ఎముక అంచు ఇంకా చేతికి కత్తిలా తగులుతూ ఉంటే, పెరిగింది కండ కాదు. మూడు వారాల తర్వాత కూడా అలాగే ఉన్న పక్షిని, అది ఎంత పేరున్నదైనా, ఆ ఏటి పందేల నుంచి తప్పించాలి.