విండోస్ 10కు మద్దతు ముగిసింది.. పాత కంప్యూటర్‌ని పారేయాల్సిందేనా?

పిల్లల చదువు కోసం ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్, దుకాణంలో బిల్లులు తీసే కంప్యూటర్, షాదీ కార్డులు డిజైన్ చేసే డీటీపీ సెంటర్‌లోని పాత సిస్టమ్.. వీటిలో చాలావరకు నడుస్తున్నది విండోస్ 10. 2015 జులైలో వచ్చిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. "మీ కంప్యూటర్ ఇక పనిచేయదు, కొత్తది కొనండి" అని కొందరు భయపెడుతున్నారు. "ఏం కాదు, ఎప్పటిలాగే వాడుకోండి" అని ఇంకొందరు అంటున్నారు. రెండూ పూర్తిగా నిజం కాదు.

మద్దతు ముగియడం అంటే ఏంటి?

కంప్యూటర్ ఆగిపోదు. ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆగిపోయేది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. సాఫ్ట్‌వేర్‌లో కొత్త లోపం బయటపడితే దాన్ని పూడ్చే పని ఇక జరగదు. ఆ లోపం గురించి దొంగలకు తెలుస్తుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. అప్‌డేట్ వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10లో ఇకపై బయటపడే లోపాలకైతే మామూలు వాడకందారుకు ఆ మందే రాదు.

ఇంకో సంగతి ఉంది. ఇవాళ కాకపోయినా రేపు బ్రౌజర్లు కూడా పక్కకు తప్పుకుంటాయి. విండోస్ 7, 8లకు గూగుల్ క్రోమ్ 2023 ఆరంభంలో కొత్త వెర్షన్లు ఆపేసింది. బ్రౌజర్ పాతబడితే బ్యాంకు, పరీక్షల దరఖాస్తుల వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి.

విండోస్ 11 ఎందుకు ఎక్కదు?

కొత్త విండోస్ ఉచితమే కదా, వేసుకుంటే సరిపోదా అంటే అక్కడే అసలు చిక్కు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, అంటే 2017 చివర నుంచి వచ్చినవే జాబితాలో ఉన్నాయి. అంతకుముందు కొన్న ఐ5, ఐ7 ఎంత బాగా నడుస్తున్నా బయటే నిలబడాలి.

తాళాలు, పాస్‌వర్డులు చిప్‌లో భద్రంగా ఉంటే దొంగతనం కష్టమవుతుందన్న మైక్రోసాఫ్ట్ వాదనలో నిజం ఉంది. కానీ దాని ఖర్చు పడేది ఎవరి మీద? బాగా పనిచేసే మిషన్‌ని పక్కన పెట్టాల్సిన కుటుంబం మీద. ఈ మార్పు వల్ల 24 కోట్ల దాకా కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. కానీ అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది.

ఏడాది గడువు

తొందరపడి అప్పు చేసి కొనేముందు ఒకటి తెలుసుకోవాలి. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొందే పథకం ఉంది. దీనికి 30 డాలర్లు కట్టవచ్చు. లేదా సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే వస్తుంది. సిస్టమ్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే బటన్ కనిపిస్తుంది. దీనికోసం ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదు. "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. కంపెనీ అలా ఇంటింటికీ ఫోన్ చేయదు.

ఉర్దూ, తెలుగు ఫైళ్ల సంగతేంటి?

మనవాళ్లకు మిగతావాళ్లకు లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. నస్తలీఖ్ లిపిని ఒకప్పుడు కాతిబ్‌లు చేత్తో రాసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తలీఖ్‌తో అది కంప్యూటర్‌లోకి వచ్చింది. 1990ల నుంచి ఉర్దూ పుస్తకాలు, పత్రికలు, షాదీ రుఖ్ఖాల పనిలో ఇన్‌పేజ్ స్థిరపడిపోయింది. తెలుగులో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కథ కూడా అలాంటిదే. ఛత్తా బజార్‌లో అయినా, జిల్లా కేంద్రంలోని ప్రింటింగ్ ప్రెస్‌లో అయినా ఏళ్ల తరబడి చేసిన పని ఈ పాత పద్ధతి ఫైళ్లలోనే ఉంది.

ఇబ్బంది ఏంటంటే, వీటిలోని అక్షరాలు యూనికోడ్ కాదు. ఆ సాఫ్ట్‌వేర్, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. పైగా విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది. 32 బిట్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, విండోస్ 95 కంటే ముందు కాలపు 16 బిట్‌వి అసలు నడవవు. డాంగిల్ తాళంతో నడిచే పాత సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్, స్కానర్.. వీటికి కొత్త డ్రైవర్ దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ ఉన్నా పని జరగదు.

అందుకే కంప్యూటర్ మార్చేముందే ఫైళ్ల పని చూసుకోవాలి. పాత సిస్టమ్ నడుస్తుండగానే ముఖ్యమైన వాటిని పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోండి. మళ్లీ మార్చాల్సిన వాటిని యూనికోడ్‌లోకి మార్చండి. ఇన్‌పేజ్ కొత్త వెర్షన్లలో ఆ సదుపాయం ఉంది, తెలుగు పాత ఫాంట్లకూ కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక్కో పేజీ చదివి చూసుకోవాలి, ఒత్తులు, నుఖ్తాలు తప్పిపోతుంటాయి. పాత సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అయితే ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికే ఉంచుకోండి. ఒక కాపీ వేరే హార్డ్‌డిస్క్‌లో తప్పకుండా ఉండాలి.

లైనక్స్ మాటేమిటి?

చదువుకు, ఇంటర్నెట్‌కు, ఉత్తరాలు టైపు చేయడానికి వాడే పాత కంప్యూటర్‌కి లైనక్స్ మంచి దారి. లైనక్స్ మింట్, ఉబుంటు ఉచితం. లిబ్రే ఆఫీస్‌లో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకుంటాయి. తెలుగు, ఉర్దూ రెండు కీబోర్డులూ ఉన్నాయి. కేరళలో ప్రభుత్వ బడులు ఏళ్లుగా లైనక్స్‌తోనే నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఇదే పని చేసింది.

అందరికీ ఇది కుదరదు. ట్యాలీ, ఇన్‌పేజ్ విండోస్ కోసం తయారైనవి. డిజిటల్ సంతకం టోకెన్లు, కొన్ని వేలిముద్ర పరికరాలు లైనక్స్‌లో ఇబ్బంది పెడతాయి. రోజూ వాటితో బతుకుదెరువు ఉన్నవాళ్లు ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి పరీక్షించాకే నిర్ణయించుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ల్యాప్‌టాప్ చౌకగా వస్తోందంటే మోడల్ నంబర్ చూడండి. ఐ5 తర్వాత 7200 అని ఉంటే 7వ తరం, 8250 అని ఉంటే 8వ తరం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానికి విండోస్ 11 అధికారికంగా రాదు, రెండోదానికి వస్తుంది. ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే పిల్లల చదువుకు సరిపోతుంది. దుకాణదారు "విండోస్ 11 వేసి ఇస్తాం" అంటే సరిపోదు, మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్‌తో అక్కడే చూపించమనండి.

మొత్తానికి ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు. ఈ ఏడాదికి ఉచిత అప్‌డేట్ల పథకంలో చేరండి, ఈలోగా ఫైళ్లు సర్దుకోండి, ఆ తర్వాత లైనక్సా, కొత్త కంప్యూటరా తేల్చుకోండి. కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నాన్న ఇన్‌పేజ్‌లో టైపు చేసి దాచుకున్న గజళ్లు పోతే మళ్లీ దొరకవు. ముందు వాటి సంగతి చూడండి.