జైతూన్ పేరుతో ఏం కొంటున్నాం?

దివ్య ఖుర్‌ఆన్‌లోని 'అత్తీన్' సూరా అంజూరపు పండు, జైతూన్‌ల మీద ప్రమాణంతో మొదలవుతుంది. 'అన్నూర్' సూరాలో జైతూన్ శుభవంతమైన వృక్షంగా పేర్కొనబడింది. దాని నూనెను తినమని, ఒంటికి రాసుకోమని దైవప్రవక్త (స) చెప్పిన మాట తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. అందుకే ఆ పేరు వినగానే మన మనసు మెత్తబడుతుంది. ఈ మెత్తదనాన్ని కొందరు సొమ్ము చేసుకుంటున్నారన్నదే నా బాధ.

గత రంజాన్‌లో ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే నా పాత విద్యార్థి ఒక సీసా పట్టుకొని వచ్చాడు. ఆటో నడుపుకునే కుర్రాడు. "ఉస్తాద్, అమ్మీ మోకాళ్ళకు రాయడానికి, సహరీలో తినడానికి తెచ్చాను. జైతూన్ కదా, బరకత్ ఉంటుంది" అన్నాడు. రెండు రోజుల సంపాదన దానికే పోయింది. సీసా ముందువైపు ఆకుపచ్చ కొమ్మ, మసీదు బొమ్మ. వెనకవైపు కళ్ళజోడు పెట్టుకుంటే గాని కనబడని అక్షరాల్లో 'పొమేస్' అని ఉంది.

పొమేస్ అంటే పిప్పి. నువ్వుల నుంచి నూనె తీశాక మన గానుగలో మిగిలే తెలకపిండి లాంటిది. ఆ పిప్పిలో మిగిలిన కాస్త నూనెను హెక్సేన్ వంటి ద్రావకంతో లాగి, శుద్ధి చేసి, కొంచెం మంచి నూనె కలిపి అమ్ముతారు. అది విషం కాదు, హరామూ కాదు. కాని ఎక్స్‌ట్రా వర్జిన్ వేరు. అది కాయను యంత్రంతో నలిపి మాత్రమే తీసినది. రసాయనం తగలకూడదు, ఆమ్లత నూటికి 0.8 మించకూడదు, రుచిలో దోషం ఉండకూడదు. లీటరు నూనెకు సాధారణంగా 5 కిలోలకు పైగా కాయలు కావాలి. మరి పిప్పి నూనెకు మేలి నూనె గౌరవం ఎలా ఇస్తాం?

ఒకసారి మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. అయితే ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడు మనవాడు కాడన్నారు. సీసా వెనక సన్నటి అక్షరాలు రాశి అడుగున దాచిన తడి గింజలు కావా?

పలస్తీనాలో నబాలీ, గ్రీసులో కొరొనైకీ వంటి ఒకే రకం కాయను సొంత తోటలో కోసి నూనె తీసే కుటుంబాలున్నాయి. వారిలో నిజాయితీపరులు తోట పేరు, కాయ రకం, కోత కాలం సీసా మీదే రాస్తారు. ఆ నూనె ఖరీదెక్కువే. కాని కొనేవాడికి దాచింది ఏమీ లేదు. తాజా నూనె కాస్త చేదుగా ఉండి గొంతులో కారంగా తగులుతుంది. పాడైందని పారబోయకండి, అది మంచి గుణమే. వెలుతురు, వేడి తగిలితే మాత్రం పాడవుతుంది. నల్లటి సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచండి.

స్తోమత లేనివారు అప్పు చేసి జైతూన్ కొనవలసిన పని లేదు. మన నువ్వుల నూనె, వేరుశనగ నూనె కూడా అల్లాహ్ ప్రసాదించినవే. అయితే 'చెక్క గానుగ' అని బోర్డు పెట్టేవారికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. గానుగ చూపించండి, గింజ చూపించండి.

ఓటింగ్ యంత్రాలు తయారుచేసే ఈసీఐఎల్‌ను 1967లో నిలబెట్టిన డాక్టర్ ఏ.ఎస్. రావు పేరు మోస్తున్న కాలనీ ఇది. లెక్క తప్పకూడదన్న సంగతి ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

వ్యాపార సోదరులారా! కొలతల్లో దగా చేసేవారిని 'అల్ ముతఫ్ఫిఫీన్' సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మీకు తెలుసు. సోదరీమణులారా! సీసా ముందువైపు బొమ్మ చూసి మురిసిపోకండి, వెనకకు తిప్పి చదవండి. బరకత్ పేరులో లేదు, నిజాయితీలో ఉంది.