కంచె తీసిన తారీఖు చూడున్రి

పత్తి రైతుకు సర్కారు ఇచ్చే ఆసరా రెండు తీర్ల ఉంటది. ఒకటి మద్దతు ధర, రెండోది దిగుమతి సుంకం. మొదటిదాని గురించి ఊర్ల అందరం మాట్లాడుకుంటం. రెండోది ఢిల్లీల ఒక నోటిఫికేషన్‌తోని వస్తది, ఇంకోదానితోని పోతది. మనకు తెలిసేసరికి పత్తి కాంటా మీద ఉంటది. 2025ల అయింది గిదే.

విదేశీ పత్తి మీద 2021 బడ్జెట్ల కేంద్రం సుంకం పెట్టింది. అన్నీ కలిపితే 11 శాతం. అంటే బయటి నుంచి 100 రూపాయల పత్తి తెస్తే మిల్లుకు 111 పడుతది. ఆ 11 రూపాయలే మన చేనుకు కంచె. 2025 ఆగస్టు 19న ఆ కంచె తీసేసిన్రు. ముందుగాల సెప్టెంబర్ 30 దాకనే అన్నరు. ఆ నెల దాటకముందే డిసెంబర్ 31 దాక పొడిగించిన్రు.

ఎందుకంటే అమెరికా. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద ట్రంప్ సర్కారు 50 శాతం టారిఫ్ ఏసింది. మన రెడీమేడ్ బట్టలు అందరికన్న ఎక్కువ కొనేది ఆ దేశమే. తిరుప్పూర్ అసొంటి కాడ మిల్లులోళ్లకు గుబులు పుట్టింది. పత్తి సస్తగ దొరికితెనన్న నిలబడుతమన్నరు. గిది తీసిపారేసే మాట కాదు. ఆ మిల్లుల్ల పనిచేసేది గూడ ఊర్ల నుంచి పోయిన పోరగాండ్లు, ఆడపిల్లలే.

గని క్యాలెండర్ చూడున్రి. మన తెలంగాణల పత్తి ఏరుడు అక్టోబర్‌ల జోరందుకుంటది. చిన్న రైతు సరుకు ఎక్కువగ అమ్ముడుపోయేది డిసెంబర్ లోపే. అప్పిచ్చినోడు ఆగడు, మందుల దుకాణపాయన ఆగడు, యాసంగికి పెట్టుబడి కావాలె. సరిగ్గ గా మూడు నెలలే కంచె లేదు. సరుకు ఇంట్ల పెట్టుకొని ఆగే తాకత్ ఉన్నోడే జనవరి దాక చూస్తడు.

2022ల గూడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాక సుంకం తీసిన్రు. అప్పటికి మన పత్తి చాలమటుకు అమ్ముడుపోయింది, రేటు గూడ మస్తుగ ఉండె. అదే నిర్ణయం, తారీఖు వేరు. దెబ్బ గూడ వేరు.

"మద్దతు ధర ఉన్నది కద, ఇంకేం భయం?" అంటరు. 2025-26కు పొడుగు పింజకు క్వింటాల్‌కు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. అంతకుముందు ఏడాది కన్న 589 ఎక్కువ. కాయితం మీద మంచిగనే ఉన్నది. గని ఆ ధర పెట్టి కొనేది సీసీఐ. తేమ 8 శాతం లోపు ఉంటెనే పూరా ధర. 8 దాటితే కోత, 12 దాటితే కొననే కొనరు. వానల తడిసిన పత్తి, మంచుల ఏరిన పత్తి ఎట్ల ఆరాలె? పైంగ ఆ సీజన్ల కపాస్ కిసాన్ యాప్ వచ్చింది. రిజిస్ట్రేషన్, స్లాట్, ఓటీపీ. కౌలుకు చేసేటోని పేరు మీద పాస్‌బుక్ ఏడుంటది?

ఇవన్ని దాటలేనోడు పోయేది ప్రైవేట్ యాపారి కాడికే. ఆ యాపారి రేటు కట్టేది మిల్లును చూసి, మిల్లు రేటు కట్టేది విదేశీ పత్తిని చూసి.

లెక్క ఏసి చూడు. క్వింటాల్‌కు మద్దతు ధర కన్న వెయ్యి తక్కువొచ్చిందనుకో. ఎకరానికి 8 క్వింటాళ్లైతే 8 వేలు. ఐదెకరాలు కౌలు పట్టినోనికి 40 వేలు. మిల్లుకు సాయం చేసింది సర్కారే అంటరు. ఆ ఖర్చుల కొంత ఈ రైతు జేబుల నుంచి పోయిందని ఎవ్వరు చెప్పరు. గా 40 వేలు ఏ బడ్జెట్ల కనవడయి.

మిల్లును బతికియ్యొద్దు అంటలేను. బతికియ్యాలంటే సర్కారు తన పైసలతోని బతికియ్యాలె, వడ్డీ రాయితీ ఇయ్యాలె. సుంకం తీసుడు తప్పకుంటే ఎండకాలంల తియ్యాలె, ఏరుడు షురూ కాకముందే మళ్ల పెట్టాలె. సీసీఐ సెంటర్లు మొదటి ఏరుడుకే తెరవాలె. కౌలుదారును రైతు లెక్కల పట్టాలె.

తమ్మీ, చెల్లే! ఊర్ల నాయినకు స్లాట్ బుక్ చేసి ఇచ్చేది మీరే. మద్దతు ధర ఎంత పెరిగిందో చూసుడొక్కటే కాదు, సుంకం ఏ తారీఖున తీస్తున్నరో గూడ చూడున్రి. ఓటడగొచ్చిన ఏ పార్టీ ఆయననైనా గిదొక్కటి అడుగున్రి: "మా పత్తి కాంటెక్కే నాడు కంచె ఉంటదా, ఉండదా?"