మందుల సంచిలో పరీక్ష సీసాలు వద్దు



ఆపరేషన్‌లో తీసిన ముక్కను బయాప్సీ కోసం పట్టణంలోని ల్యాబుకు చేర్చమని బంధువుల చేతికి ఒక సీసా ఇస్తుంటాము. అందులో ఉన్నది చూపుకు మంచినీళ్లే. కానీ అది ఫార్మలిన్. ముక్క కుళ్లకుండా ఉంచే ఆ రసాయనమే కంట్లో పడితే కన్నును పాడుచేస్తుంది, మింగితే గొంతు మొదలు కడుపు దాకా కాల్చేస్తుంది. చాలామంది దాన్ని మాత్రలు, టానిక్కు ఉన్న సంచిలోనే వేసుకుని బస్సెక్కుతారు. ల్యాబుకు సెలవైతే ఇంటి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పెడతారు. ఫార్మలిన్‌లో ఉన్న ముక్కకు ఫ్రిజ్ అక్కరలేదు. సంచిలో అది ఒలికి మందులు తడిస్తే, తుడిచి వాడకండి. ఖరీదైనవైనా సరే, పారేయవలసిందే.

24 గంటల మూత్రం పట్టే డబ్బా సంగతీ ఇంతే. కొన్ని పరీక్షలకు దాని అడుగున ముందే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి ఇస్తారు. ఎవరో మురికి నీళ్లు వదిలారనుకుని శుభ్రంగా కడిగే అక్కలున్నారు! చేతులు కాలుతాయి, పరీక్షా చెడుతుంది.

గ్లూకోమీటర్లు రాకముందు షుగరు ఉన్నవారి ఇళ్లలో బెనెడిక్ట్ ద్రావణం ఉండేది. 5 మిల్లీలీటర్లలో 8 చుక్కల మూత్రం వేసి కాచి, రంగు చూసేవారు. ఆ నీలిరంగు మైలుతుత్తానిది. పెద్దవాళ్ల బీరువాలో అలాంటి పాత సీసా ఉంటే పిల్లల కంట పడకముందే మాకు తెచ్చివ్వండి.

ఇళ్లకు చెప్పే మాట ఆసుపత్రులకూ వర్తిస్తుంది. ల్యాబు రసాయనాల్లో చాలావాటికి 2 నుండి 8 డిగ్రీల చల్లదనం కావాలి, ఇన్సులిన్‌కూ అంతే. అందుకని చిన్న ఆసుపత్రుల్లో రెండింటినీ ఒకే ఫ్రిజ్‌లో సర్దుతుంటారు. ల్యాబు కిట్లలో కొన్నింటిలో సోడియం అజైడ్ అనే విషం ఉంటుంది, కొన్ని మనిషి రక్తం నుండి తీసిన సీరంతో చేసినవి. ఇంకో ఫ్రిజ్ అంటే ఖర్చు, కరెంటు బిల్లు అంటారు. నిజమే, మిషను ఆసుపత్రులకు డబ్బు ఊరికే రాదు. అయినా మేము ఒప్పుకోము. టీకాలు పెట్టే ఫ్రిజ్‌లో టీకాలు తప్ప వేరేవేవీ పెట్టకూడదని ప్రభుత్వ నియమం ఉన్నది. ఇన్సులిన్ వాడే ముసలమ్మకు మాత్రం ఆ జాగ్రత్త ఎందుకు అక్కరలేదు?

మా దగ్గర తీసుకున్న పరీక్ష సీసాను వేరే కవరులో నిలబెట్టి తీసుకువెళ్లండి. ఖాళీ అయ్యాక కడిగి నూనెకో, దగ్గు మందుకో వాడకండి. పొరపాటున ఎవరైనా తాగితే వేలు పెట్టి వాంతి చేయించవద్దు, కాల్చినది పైకి వస్తూ మళ్లీ కాలుస్తుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, వెంటనే ఆసుపత్రికి రండి. ఆ సీసా కూడా వెంట తెండి, లేబుల్ చూస్తే డాక్టరుగారికి వైద్యం మొదలుపెట్టడం తేలికవుతుంది.