ఇళ్లకు వెళ్లే నర్సులకూ ఒక ఇల్లు కావాలి

హైదరాబాద్‌లోని కంపెనీల సీఎస్‌ఆర్ కమిటీల సభ్యులకు,

హనుమకొండ చుట్టుపక్కల మంచాన పడ్డ రోగుల ఇళ్లకు నర్సులను పంపే ఒక చిన్న ట్రస్టు తరఫున ఈ లేఖ రాస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్లు, ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రి పంపేసిన క్యాన్సర్ రోగులు, తుంటి విరిగి లేవలేని ముసలివాళ్లు మా దగ్గర పేరు రాయించుకుంటారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోం. సొంత భవనం కోసం విరాళాలు అడుగుతూ మీలో చాలామందిని కలిశాం. అందరూ ఆదరంగానే మాట్లాడారు. వాహనానికి ఇస్తామన్నారు, మందులకు ఇస్తామన్నారు. భవనం అనగానే మాత్రం ఒకటే ప్రశ్న: ‘మీ పని రోగుల ఇళ్లలో కదా, మీకు బిల్డింగ్ ఎందుకు?’ మీటింగులో దొరికే పది నిమిషాలు దానికి జవాబు చెప్పడానికి చాలవు. అందుకే ఇలా రాస్తున్నాను.

వీపు మీద పుండ్లు పడకుండా మేమిచ్చే గాలి పరుపు, రోగి కన్నుమూశాక మా దగ్గరికి తిరిగొస్తుంది. దాన్ని మందు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, ఎక్కడైనా గాలి పోతోందేమో చూశాకే ఇంకొకరికి ఇవ్వాలి. మేముంటున్న రెండు గదుల అద్దె వాటాలో ఆ పని మెట్ల మీద జరుగుతోంది. పక్కనే ఆక్సిజన్ మిషన్లు, వీల్‌చైర్లు. పైవాటా వాళ్లు వాటిని దాటుకుంటూ వెళ్లాలి. విసుక్కుంటే తప్పు పట్టలేం. కానీ పరుపు ఆలస్యమైన కొద్దీ అవతల ఒకరి వీపు మీద పుండు లోతవుతూ ఉంటుంది.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇవ్వాలంటే సంస్థకు ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించాక దారి కొంత సులువైంది. అయినా బిళ్లలను తాళం వేసి భద్రంగా ఉంచాలి, ప్రతి బిళ్లకూ రిజిస్టర్‌లో లెక్క ఉండాలి. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉంటున్న ఇంటి చిరునామాతో ఆ గుర్తింపు అడగడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు.

నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యం, మంచం వేసిన ఒక శిక్షణ గది. నర్సు వారానికి ఒకటి రెండుసార్లే వెళ్లగలదు. మిగతా రోజులు చూసుకునేది కోడలో, కూతురో, భార్యో. ముక్కు ట్యూబులో జావ పోసేటప్పుడు రోగి తల ఎత్తుగా ఉండాలి. సిరంజిని ఒత్తకుండా జావ దానంతటదే దిగేలా పట్టుకోవాలి. పోశాక కనీసం అరగంట వెల్లకిలా పడుకోబెట్టకూడదు. ఇవి నోటితో చెబితే వచ్చేవి కావు. ఒకసారి బొమ్మ మీద చేసి చూడాలి, తప్పు చేసి దిద్దుకోవాలి. ఇప్పుడు మా సిస్టర్లు ఆ పాఠం రోగి మంచం పక్కనే, ఇంట్లో చూసుకునే ఆమె వణికే చేతిని పట్టుకుని నేర్పుతున్నారు. మొట్టమొదటిసారి కన్నతండ్రి మీదే నేర్చుకోవాల్సిన గతి ఏ కూతురికీ రాకూడదు.

భవనానికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని మీలో కొందరన్నారు. ఒప్పుకుంటుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద మీరు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పనులకు ఖర్చు పెట్టాలి. 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం ఆ డబ్బుతో సీఎస్‌ఆర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న పబ్లిక్ ట్రస్టు పేరిట ఆస్తి సమకూర్చవచ్చు. పని ఏడాదిలో తెమలకపోతే, మొదలుపెట్టిన ఏడాది పోను మరో మూడేళ్లు కొనసాగించవచ్చు. ‘భవనాలకు ఇవ్వం’ అన్న నియమం మీ దరఖాస్తు ఫారాల్లోనే ఉంది.

ఇళ్లకు వెళ్లే నర్సులకు ఇల్లు కొనివ్వడం కొత్తేమీ కాదు. 1893లో న్యూయార్క్ పేదవాడల్లో ఇంటింటికీ వెళ్లి నర్సింగ్ మొదలుపెట్టిన లిలియన్ వాల్డ్‌కు 1895లో జేకబ్ షిఫ్ అనే బ్యాంకరు హెన్రీ స్ట్రీట్‌లో 265వ నంబరు ఇల్లు కొనిచ్చాడు. ఆ ఇల్లు నేటికీ ఆమె స్థాపించిన సంస్థదే. మీరిచ్చే వాహనం పదేళ్లు తిరిగితే గొప్ప.

పరికరాలకు ఒక గది, మందులకు ఒకటి, శిక్షణకు ఒకటి, రాత్రి రోగుల ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు తీసే సిస్టరుకు ఒకటి: మేం అడిగేది ఇంతే. ఒక్కో గది ఖర్చు ఒక్కో కంపెనీ భరించినా చాలు. వచ్చే కమిటీ సమావేశంలోపు మీలో ఒక్కరైనా మా సిస్టర్ల వెంట ఒక పూట నాలుగిళ్లు తిరగండి. ఆ తర్వాతే మా దరఖాస్తు మీద నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
ఒక ట్రస్టీ, హనుమకొండ