క్రిములు నేర్చిన విద్య

దాచిన విద్య తరుగును, పంచిన విద్య పెరుగును అని తరగతిలో మనము పిల్లలకు చెప్పుచుందుము. ఈ నీతిని మనకంటె నిష్ఠతో ఆచరించు జీవులు కలవు. అవి కంటికి కానరాని బాక్టీరియాలు. మందును ఎదిరించు జన్యువు ఒక బాక్టీరియాకు లభించెనా, అది దానిని తన సంతతికి మాత్రమే యిచ్చి యూరకుండదు; ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఏ. వలయముతో ప్రక్కనున్న వేరు జాతికిని అందించును. రోగులును మందులును ఒక్కచోట చేరిన ఆసుపత్రిలో ఈ దానము మరింత ముమ్మరముగా సాగును.

న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ దేశమునకు మరలిన ఒక రోగియందు 2008లో క్లెబ్సియెల్లా అను బాక్టీరియా కనబడెను. వైద్యులు చివరి అస్త్రముగా దాచుకొను కార్బపెనెమ్ మందులకును అది లొంగలేదు. ఆ రోగి ప్రేవులలోని ఎషెరీషియా కోలైయందును అదే జన్యువుండెను. 2009లో దానికి ఎన్.డి.ఎం.-1 అని నామకరణము చేసిరి. 2010 నాటికే అది భారత, పాకిస్తాన్, బ్రిటన్ దేశములలో బయటపడెను. ఆ పేరులో ఢిల్లీ యున్నదని మనవారు నొచ్చుకొనిరి. నొచ్చుకొనుట సహజమే, కాని పేరును గూర్చి కలహించుచు రోగమును మరచుట వివేకము కాదు.

ఈ కథలో తెలుగునాటి పాత్రయు కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యము వహించుచుండగా 1948లో ఆరియోమైసిన్ లోకమునకు అందెను. అట్టి తెలుగువారి గడ్డమీదనే, హైదరాబాదు చెంత పటాన్‌చెరులో, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలు నీటిని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అందున్నదని 2007లో ప్రకటించిరి. చికిత్స పొందు రోగి రక్తమునందుండు మోతాదుకంటె అది హెచ్చు! క్రిములకు ఇంతకంటె మంచి పాఠశాల యేది?

కర్మాగారములను కట్టడిచేయుట ప్రభుత్వముల పని. మన వంతు పనియు కలదు. వైద్యుని చీటీ లేకయే నాలుగు మాత్రలు కొని, రెండు మ్రింగి, మిగిలినవి పొరుగువారికిచ్చుట మా అమృతలూరు వంటి ఊళ్ళలో ఉపకారముగనే చెల్లుచున్నది. కొన్ని యాంటీబయాటిక్కుల అమ్మకమును దుకాణదారు పుస్తకమున వ్రాసి యుంచవలెనని 2014 నుండి చట్టము చెప్పుచున్నది. చట్టమొక్కటియే చాలదు. జలుబు వైరస్సు వలన వచ్చును, దానిపై ఈ మందులు పనిచేయవు అను చిన్న మాటను పిల్లవాడు ఇంటికి మోసికొనిపోవలెను. ఈ మందులు వమ్మైనచో ప్రసవమును, చిన్న శస్త్రచికిత్సయు మరల ప్రాణసంకటములగును.

అమృతమైనను మితిమీరినచో విషమే. ఆ యెరుకను క్రిములు తమ విద్యను పంచుకొనునంత వేగముగా మనమును పంచుకొందము. ఉపాధ్యాయులారా, ఆ పని రేపటి తరగతిలోనే మొదలుకావలెను.