చుక్కయే చాలును

అన్యనక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములని పత్రికలు నీలిసముద్రములతో, మేఘములతో చిత్రములను ముద్రించుచున్నవి. అవి చిత్రకారుల యూహలే. దూరదర్శినికి కనబడినది చిన్న చుక్క మాత్రమే.

ఆ చుక్కను చూచుట యెంత కష్టము! కంటికి కనబడు వెలుగులో మన సూర్యుడు భూమికంటె సుమారు 1000 కోట్ల రెట్లు ప్రకాశించును. సూర్యబింబమును మరుగుపరచి దాని ప్రభామండలమును చూచుటకై 1930 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్నార్డు లియో కరోనాగ్రాఫును నిర్మించెను. నేడు నక్షత్రకాంతి నడ్డుటకును ఆ యుపాయమే తోడ్పడుచున్నది.

2008లో హవాయి ద్వీపమందలి కెక్, జెమినీ దూరదర్శినులు, గాలి కదలికవలని మసకను సవరించుకొని, హెచ్‌ఆర్ 8799 నక్షత్రముచెంత మూడు గ్రహములను చూపెను. 2022లో వెబ్ అంతరిక్ష దూరదర్శిని తన కరోనాగ్రాఫుతో మరియొక నక్షత్రపు గ్రహమును చిత్రించెను. ఇవన్నియు బృహస్పతికంటె బరువైనవి, ఇంకను వేడి చల్లారనివి. సూర్యునివంటి నక్షత్రము చెంత భూమివంటి గ్రహ మొక్కటియు ఇంతవరకు ఇట్లు కనబడలేదు.

కావున మా యభిప్రాయ మిది. ఊహాచిత్రమును చూపు ఉపాధ్యాయుడు అది యూహయని చెప్పవలెను. పిమ్మట ఆ చుక్కను చూపవలెను. సాక్షి తాను చూచినంతయే పలుకవలెనని బాలబాలికలకు నేర్పుచున్నాము గదా! సృష్టికర్త మహిమకు మన రంగులు అక్కరలేదు.